పాతిక నుంచి యాభై

ఇటిక్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక కూడా హీనా దిగిపోదామనే అనుకుంటూ ఉంది. డ్రైవరు ఇంకా ఎక్కలేదు. గద్వాల బస్టాండు క్యాంటీన్ ముందు నిలబడి ఛాయ్ ఊదుకుంటున్నాడు, ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోపు దిగితే ఎవరూ ఏమీ అనరు, ఆదివారం మధ్యాహ్నం ఇంటికి పోయి హాయిగా పండుకోవచ్చు, భర్త రియాజ్ అడిగితే బస్సు దొరకలేదని చెప్పొచ్చు, పొద్దున ఒక అబద్ధం చెప్పనే చెప్పింది, దాని మీద ఇంకొకటి పెద్ద బరువేం కాదు. పొద్దున భర్తతో ఏమన్నది? ఫస్టియర్ పిల్ల ఒకతి పదకొండు దినాల నుంచి కాలేజీకి వస్తలేదు, ఇంటికి పోయి కనుక్కోమని ప్రిన్సిపాల్ సారు అన్నడు, అని. పిల్ల రాకపోవడం నిజం. ప్రిన్సిపాల్ అనడం అబద్ధం. ఆ పిల్ల ఎందుకు వస్తలేదో కనుక్కోవడానికి ఇటిక్యాల దాకా పోవాల్సిన పని లేదు, అది హీనాకు తెలుసు, ఆ రోజు క్లాసులో ఉన్న నలభై రెండు మందికీ తెలుసు, ల్యాబ్ అటెండరు అబ్రహాంకు తెలుసు. పిల్ల పేరు జోగులమ్మ. సనాలు, గీతలు, శ్రావణిల మధ్య రిజిస్టర్‌లో ఆ పేరు పిలిచినప్పుడల్లా వెనక బెంచీల్లో చిన్న నవ్వు లేచేది, ఆ నవ్వును ఒక్కనాడైనా ఆపిందా తను? ఆపలేదు. ఒళ్లో బ్యాగు బరువుగా ఉంది. అందులో జోగులమ్మ నోటుబుక్కు, మడత పెట్టిన గ్రాఫు కాగితం, గొర్లకు మందు తాగించే పెద్ద సిరంజి. పదకొండేళ్లుగా కెమిస్ట్రీ చెప్తున్న లెక్చరర్ బ్యాగులో గొర్ల సిరంజి. డ్రైవరు గ్లాసు పెట్టేశాడు. ఇంజను మొదలైంది, కిటికీ అద్దం పళ్లు కొట్టుకున్నట్టు టకటకలాడింది, దిగాల్సిన క్షణం ఒకటి దాటిపోయింది.

రైలు గేటు కాడ మళ్లీ ఆగింది బస్సు. గాలి లేదు. భాద్రపదం ఎండ, వానలు అయిపోయినంక కాసే ఎండ, రేకుల మీద పడి లోపలికి దిగుతోంది. మెట్ల దగ్గర ఇరుక్కున్నవాళ్లను కండక్టరమ్మ లోపలికి జరగమని అరుస్తోంది, జరిగేకొద్దీ మనుషులు ఒకరిమీద ఒకరు, ఇంతే జాగా, ఇంకా ఇంతమంది, ఒత్తిడి, బాయిల్ నియమం, జాగా సగం చేస్తే ఒత్తిడి రెండింతలు. ఇది పిల్లలకు చెప్తే బాగుంటది గద అని ఒక్క క్షణం ముచ్చట పడింది హీనా, వెంటనే ఆ ముచ్చట చెంప మీద కొట్టినట్టయింది. పదకొండేళ్లు బెలూన్ ఉదాహరణే చెప్పింది. గైడులో ఉన్నది, అదే మాటల్లో. బెలూన్‌ను ఎండలో పెడితే ఉబ్బుతది, ఫ్రిజ్‌లో పెడితే ముడుచుకుంటది. ఒక్క ఏడాదన్నా క్లాసుకు బెలూన్ తెచ్చిందా? ఒక్కసారన్నా ఊదిందా? ఇంట్లో ఫ్రిజ్ ఉంది, బిడ్డ పుట్టినరోజుకు ఊదగా మిగిలిన బెలూన్లు మూడు రోజులు నడింట్లో దొర్లుతూ ఉండినయి, ఒకటి తీసి లోపల పెట్టి చూద్దామన్న ఆలోచన కూడా రాలేదు. ఎందుకొస్తది? వచ్చేది వచ్చే పిల్లకు వచ్చింది.

టికెట్లు కొట్టుకుంటూ వచ్చిన కండక్టరమ్మ ఆధార్ కార్డు కోసం చెయ్యి చాపి, మొహం చూసి ఆగిపోయింది.

"హీనా మేడమే గద? మా గీత మీ క్లాసే మేడం, ఫస్టియరు."

"అవునా," అంది హీనా.

"ఇంట్ల అంతా మీ ముచ్చట్లే. మొన్న ఎవరో గొర్లోళ్ల పిల్ల ఎక్కువ మాట్లాడితే మంచిగ నోరు మూయించినరంట గద. మా గీత చెప్పి చెప్పి నవ్వుడు. గట్లనే ఉండాలె మేడం, లేకుంటే నెత్తికెక్కుతరు." జీరో టికెట్ చించి చేతిలో పెట్టి, "ఇటిక్యాలల ఎవరున్నరు మేడం?" అని అడిగింది.

"తెలిసినోళ్లు," అంది హీనా. అని, నవ్వింది. అదే ఆమెకు అర్థం కాలేదు, ఎందుకు నవ్వింది, మర్యాదకు నవ్వింది, మెచ్చుకున్నవాళ్లకు నవ్వాలి కాబట్టి నవ్వింది, ఆ నవ్వుతో ఆ రోజు చేసిన పని మీద ఇంకొకసారి సంతకం పెట్టినట్టయింది. కండక్టరమ్మ వెనక సీటుకు పోయింది. గీత ఎట్ల చెప్పి ఉంటది ఇంట్లో? తన గొంతును అనుకరించి ఉంటది. పిల్లలు టీచర్ల గొంతులు బాగా పట్టుకుంటరు. ఏ మాట దగ్గర వాళ్లమ్మ నవ్వి ఉంటది, ఆ మాట దగ్గరనా, ఆ మాట దగ్గరనే.

ఆ రోజు మూడో పీరియడు. చార్లెస్ నియమం. బోర్డు మీద రాసింది, ఒత్తిడి మారకుంటే గ్యాసు వాల్యూమ్ టెంపరేచర్‌ను బట్టి పెరుగుతది, అని, తర్వాత ఎప్పుడూ చెప్పే మాటే, అంతకు ముందు క్లాసులో చెప్పిందే, మళ్లీ చెప్పింది. టెంపరేచర్ డబల్ అయితే వాల్యూమ్ డబల్, పాతిక డిగ్రీలది యాభై అయితే లీటరు గ్యాసు రెండు లీటర్లు. చెప్పిన వెంటనే లెక్క చేసింది, లెక్కలో మాత్రం ఎప్పటిలాగే రెండు చోట్లా రెండు వందల డెబ్బై మూడు కలిపింది. చెప్పే మాట ఒక జేబులో, చేసే లెక్క ఇంకో జేబులో, పదకొండేళ్లుగా ఆ రెండూ ఎదురుపడలేదు, ఎదురుపడకుండా తనే చూసుకుందేమో. మూడో బెంచీలో జోగులమ్మ లేచి నిలబడింది. సన్నటి పిల్ల, నూనె పెట్టి బిగించి వేసిన రెండు జడలు, చేతిలో ఏదో పట్టుకుని వెనక దాచుకుంది.

"మేడం, ఒక డౌటు."

"అడుగు."

"మొన్న మీరు పాతిక నుంచి యాభైకి పోతే డబల్ అయితదన్నరు గద. నేను ఇంటికాడ పెట్టి చూసిన మేడం. డబల్ కాలే. నలభై ఎమ్మెల్ ఉన్న గాలి నలభై మూడున్నర అయింది." చెయ్యి ముందుకు తెచ్చింది. గొర్ల సిరంజి, మూతికి సైకిల్ ట్యూబు ముక్క మడిచి దారంతో బిగించి కట్టి ఉంది. "నాలుగు మార్లు చూసిన. మరి మనం లెక్కల రెండొందల డెబ్బై మూడు కలుపుతం గద, అది ఎందుకు కలుపుతం మేడం? అది కలిపితే డబల్ వస్తలేదు, నాకు వచ్చినట్టే వస్తుంది."

ఇప్పుడు బస్సులో, గేటు తెరుచుకుని బస్సు పట్టాల మీద కుదుపుతూ దాటుతుంటే, హీనాకు ఆ మాటలు ఎంత శుభ్రంగా ఉన్నాయో వినిపించింది. ఒక్క మాట ఎక్కువ లేదు. పొగరు లేదు. ఆ పిల్ల సమాధానం అంచు దాకా తనే వచ్చేసింది, ఒక చెయ్యి ఇస్తే చాలు. ఆ రోజు మాత్రం వినిపించింది వేరే. నలభై ఒక్క తలలు తన వైపు తిరగడం వినిపించింది, తల తిరగడానికి చప్పుడు ఉంటదా, ఉంటది. ఎందుకు కలుపుతరో తనకు తెలియదు. గట్లనే కలపాలె, అది ఫార్ములా, అన్నది మొదట. పిల్ల కూర్చోలేదు. ఎదురు చూస్తూ నిలబడింది, అంతే, మేడంకు తెలుసు, ఇంకా చెప్తది అన్న నమ్మకంతో నిలబడింది. ఆ నమ్మకాన్నే తట్టుకోలేకపోయింది హీనా. నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది అని ఈ పదకొండు దినాల్లో వందసార్లు తనకు తను చెప్పుకుంది, కాదు, దానంతటదే రాలేదు, వెతికి తీసింది, ఎక్కడ కొడితే కూర్చుంటదో చూసి మరీ తీసింది.

"గొర్ల సిరంజితోని కెమిస్ట్రీ చేస్తరా? గొర్లు కాసేటోళ్ల ఇంట్ల ఉండేటియి గొర్లకే పనికొస్తయి. అన్నీ మీ ఇంట్లనే తేల్చుకునేటట్టయితే కాలేజీకి ఎందుకొచ్చినవ్?"

క్లాసు నవ్వింది. గీత బెంచీ మీద చెయ్యి కొట్టి నవ్వింది. ఆ నవ్వు మీదకు వస్తుంటే ఒక్క క్షణం, ఇది ఎవరికీ చెప్పలేదు, చెప్పుకోలేదు కూడా, ఒక్క క్షణం తియ్యగా ఉండింది హీనాకు. మేడం మళ్లీ మేడం అయింది. ఆ తీపి మీదనే పోయి చెయ్యి చాపింది, పిల్ల సిరంజి ఇచ్చింది, తలుపు పక్కన ఉన్న చెత్తబుట్టలో వేసింది. టప్పున చప్పుడైంది. జోగులమ్మ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, ఏడిస్తే బుజ్జగించి ఉండేది, బుజ్జగిస్తే అక్కడికి సరిపోయేది. కూర్చుంది, బోర్డు మీద ఉన్న లెక్క చివరిదాకా నోటుబుక్కులో దించుకుంది, గంట కొట్టాక కరెక్షన్ కోసం ఆ నోటుబుక్కును అందరివాటితో పాటు టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఎవరన్నా తనను అట్ల అని ఉంటే ఎంత బాగుండేది. నాగర్‌కర్నూలు దిక్కు కోడేరులో పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, ఆ తర్వాత వనపర్తిలో ఇంటర్, అక్కడ కెమిస్ట్రీ చెప్పిన రామన్న సారు ఏ మాటా అనలేదు, ఉర్దూ మీడియం పిల్లవని ఒక్కనాడు తక్కువ చెయ్యలేదు, పైగా రోజూ అడిగేవాడు, డౌట్లుంటే అడుగమ్మా హీనా, సిగ్గుపడకు, అని. అడగలేదు. సిగ్గుపడి కాదు, డౌటు రాక. బట్టీ పట్టేది. పేజీ పేజీ కళ్ల ముందు నిలబడేది, ఎక్కడ కామా ఉందో కూడా, అరవైకి యాభై తొమ్మిది వచ్చినయి. బట్టలు కుట్టే నాయన రజాక్ ఆ మార్కుల కాగితాన్ని షాపులో కుట్టు మిషను పైన గోడకు అంటించాడు. అమ్మ గౌసియాబీకి చదువు రాదు, వాడకట్టులో అందరికీ చెప్పుకుంటది ఈ రోజుకూ, నా బిడ్డకు గాలి లెక్కలు గూడ వస్తయి, కంటికి కనిపియ్యని దాన్ని కూడ లెక్క పెడ్తది, అని. అమ్మీ, నాకు రావు అమ్మీ. నాకు వచ్చింది కామాలు. ఎవరూ కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు, ఎవరి మీదా తోయడానికి లేదు, కొట్టించుకున్నది కొడ్తది అంటరే, ఆ సాకు కూడా తనకు లేదు. మంచిగ చూసుకున్న మనుషుల మధ్య పెరిగి, మంచి సారు దగ్గర చదువుకుని, ఒక పిల్ల చేతిలోది తీసుకుని చెత్తబుట్టలో వేసింది.

రోడ్డుకు రెండు దిక్కులా పత్తి. అక్కడక్కడా వరి. కాలువ పక్కన ఒక మనిషి బర్రెను కడుగుతున్నాడు. బస్సు నడుస్తుంటే కాస్త గాలి తగులుతోంది గాని మెడ మీద చెమట ఆరడం లేదు. అబ్రహాం ఏమన్నాడు? మూడో రోజు ల్యాబ్‌లోకి పోతే టేబుల్ మీద పాత న్యూస్‌పేపరు పరిచి దాని మీద సిరంజి పెట్టి ఉంచాడు. "ఇది చెత్తబుట్టల దొరికింది మేడం. కడిగి పెట్టిన." అంతే అన్నాడు. ముప్పై ఏళ్ల నుంచి బీకర్లు కడుగుతున్న చేతులు, ఏ వస్తువు పారేసేదో ఏది కాదో ఆ చేతులకు తెలుసు. తర్వాత తలుపు దాకా పోయి, వెనక్కి తిరగకుండానే, "ఆ పిల్లకు థర్మామీటర్ ఇచ్చింది నేనే మేడం. తప్పయితే నన్ను అనుండ్రి," అన్నాడు. హీనా రిజిస్టర్‌లో ఆబ్సెంట్ వేసింది, నాలుగో రోజు, ఐదో రోజు, ఎనిమిదో రోజు. ప్రతి రోజూ ఆ పేరు పిలిచి ఒక క్షణం ఆగేది, వెనక బెంచీల్లో నవ్వు లేచేది కాదు ఇప్పుడు, వాళ్లకు కూడా ఏదో అర్థమైంది. నోటుబుక్కు మాత్రం తెరవలేదు. తెరిస్తే ఏముంటదో అని భయం. తన గురించి ఏమన్నా రాసి ఉంటదేమో అని. పదహారేళ్ల పిల్ల నోటుబుక్కుకు భయపడింది.

నిన్న శనివారం మధ్యాహ్నం తెరిచింది. తన గురించి ఏమీ లేదు. చివరి పేజీలో నీలి ఇంకుతో గళ్లు. బోరు నీళ్లు, పాతిక డిగ్రీలు, నలభై ఎమ్మెల్. ఎండల పెట్టిన నీళ్లు, ముప్పై మూడు, నలభై ఒకటి. ఎక్కువ సేపు పెట్టిన నీళ్లు, నలభై ఒకటి, నలభై రెండుకు జర ఎక్కువ. పొయ్యి మీది నీళ్లు, యాభై, నలభై మూడున్నర. కింద ఒక్క వాక్యం. డబల్ కాలే, నా తప్పేమో, మేడంను అడగాలె. నా తప్పేమో అని రాసుకుంది ఆ పిల్ల. ఎంతసేపు ఆ పేజీ ముందు కూర్చుందో హీనాకు తెలియదు, అబ్రహాం వచ్చి బక్కెట్లో యాభై డిగ్రీల వేడినీళ్లు పెట్టి పోయాడు, అడగకుండానే. సిరంజి ముంచింది. పిడి మెల్లగా, ఎవరో లోపలినుంచి వేలితో తోసినట్టు, వెనక్కి జరిగింది. ముప్పై ఆరేళ్ల వయసులో మొదటిసారి చూసింది. నలభై మూడున్నర. ఆ పిల్లది తప్పు కాదు. గ్రాఫు కాగితం తీసి ఆ నాలుగు చుక్కలూ పెట్టింది, చుక్కలు ఒక గీత మీద నిలబడినయి, గీతను ఎడమకు పొడిగించింది, సున్నా డిగ్రీల దగ్గర ఆగుతదేమో అనుకుంది, ఆగలేదు, అక్కడ కూడా గాలికి ముప్పై ఆరు ఎమ్మెల్ పైనే ఉంది. కాగితం అయిపోయింది. ఇంకొకటి అంటించింది. గీత దిగుతూనే పోయింది. మూడోది అంటించింది. మైనస్ రెండు వందల అరవై దాటిన చోట గీత నేలకు, వాల్యూమ్ సున్నాకు, తాకింది.

అక్కడ కూర్చుని ఉండిపోయింది. సున్నా డిగ్రీలంటే ఏంది? నీళ్లు గడ్డ కట్టే కాడ మనుషులు పెట్టుకున్న గుర్తు. నీళ్లు గడ్డకడితే గాలికేంది? గాలి సున్నా అక్కడ లేదు, ఎక్కడో ఎడమన, మూడో కాగితంలో ఉంది, దాని లెక్క అక్కడి నుంచి. మనం పాతిక అంటే గాలికి అది రెండు వందల తొంభై ఎనిమిది. యాభై అంటే మూడు వందల ఇరవై మూడు. రెండు వందల తొంభై ఎనిమిది నుంచి మూడు వందల ఇరవై మూడు ఎక్కడన్నా డబల్ అయితదా, జర పెరుగుతది, నలభై కాస్త నలభై మూడున్నర అయితది. అందుకు కలుపుతం. అందుకు! గైడులో సరిగ్గా ఉన్న సంఖ్య రెండు వందల డెబ్బై మూడు, గొర్ల సిరంజితో రెండు వందల అరవై దాకా వచ్చింది ఆ పిల్ల, ఇంటి ముందర పొయ్యి మీద నీళ్లు పెట్టుకుని. హీనాకు ఒళ్లంతా గగుర్పొడిచింది, లేచి నిలబడింది, ఎవరికన్నా చెప్పాలి, వెంటనే చెప్పాలి, ఎవరికి చెప్పాలి అని చుట్టూ చూసింది, ఖాళీ ల్యాబు, కడిగి బోర్లించిన బీకర్లు. ఈ సంగతి వింటే కళ్లు పెద్దవి చేసుకునే మనిషి ఈ కాలేజీలో ఒక్కతే ఉండింది. ఆ ఒక్కదాన్ని తనే పంపించేసింది. అంత సంతోషం అంత తొందరగా సిగ్గుగా మారడం హీనా ఎన్నడూ చూడలేదు. చెవులు మండినయి, పదకొండేళ్లుగా తను చెప్పిన పిల్లలు, ఏడాదికి నలభై మంది, అందరూ వరుసగా కళ్ల ముందుకు వచ్చారు, పాతిక నుంచి యాభై అయితే డబల్, డబల్ మేడం, డబల్, అందరూ నమ్మి రాసుకున్నారు.

ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు పది నిమిషాలు ఆగింది. ఎదురుగా గద్వాల పోయే బస్సు సిద్ధంగా ఉంది, సగం ఖాళీ. ఏమని చెప్తవు పోయి? నాకు రాదు అని చెప్తవా, ఇన్నేళ్లు తప్పు చెప్పిన అని చెప్తవా, రేపు ఊరంతా తెలుస్తది, కాంట్రాక్టు ఉద్యోగం, ప్రిన్సిపాల్‌కు తెలుస్తది. ఫోన్ చేస్తే పోయేది గద. ఉత్తరం రాసి నోటుబుక్కులో పెట్టి అబ్రహాంతో పంపితే పోయేది గద. హీనా లేచింది, దిగింది, రోడ్డు దాటింది, గద్వాల బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టింది కూడా. వెనకనుంచి కండక్టరమ్మ గొంతు, "మేడం! మేడం! మీ బ్యాగు!" బ్యాగు సీట్లోనే ఉండిపోయింది. ఉరికింది. ఎక్కి బ్యాగు తీసుకునేసరికి డ్రైవరు బస్సు తీశాడు, కండక్టరమ్మ నవ్వుతూ, "బాత్రూముకు పోయిన్రా, చెప్తే ఆపేదాన్ని గద," అంది. ఇటిక్యాలకు హీనా ధైర్యంతో పోలేదు. బ్యాగు మరిచిపోయి పోయింది. రేపు ఎవరన్నా మెచ్చుకుంటే ఈ సంగతి చెప్పాలి అనుకుంది, సీటు కడ్డీ పట్టుకుని నిలబడి.

ఇటిక్యాలలో కిరాణా దుకాణం దగ్గర జోగులమ్మ నాయన గొర్ల మద్దిలేటి ఇల్లు అడిగితే, మద్దిలేటి మందతో నది అవతలికి పోయాడని, తల్లీబిడ్డలు విత్తన పత్తి చేలో కూలికి పోయారని చెప్పి చెయ్యి చూపించారు. అర కిలోమీటరు. నల్లమట్టి చెప్పులకు అంటుకుంటోంది. చేలో ఎనిమిది తొమ్మిది మంది ఆడవాళ్లు సాళ్ల మధ్య నిలబడి రేపు విచ్చుకోబోయే మొగ్గలను గిల్లి లోపలి పుప్పొడి కాడలు తీసేస్తున్నారు, తీసిన మొగ్గ మొగ్గకూ ఎర్ర కాగితం గుర్తు తొడుగుతున్నారు, తెల్లారి వచ్చి వేరే పువ్వు తెచ్చి రుద్దుతారు. జోగులమ్మ ఆ చివర ఉంది. మగవాళ్ల పాత చొక్కా పైన వేసుకుంది. హీనాను చూసి చేతులు ఆగిపోయినయి, చూపు కిందికి దిగింది, అంత దూరం నుంచి కూడా ఆ చూపు దిగడం కనిపించింది. ముందుగా వచ్చింది తల్లి. కొంగుతో మొహం తుడుచుకుంటూ, "కాలేజీ మేడమా? హాజరు గురించి వచ్చినవా?" అని అడిగింది.

అవును అంటే చాలు. దారి ఆమే చూపించింది. మిగతా ఆడవాళ్లు కూడా పని ఆపి చూస్తున్నారు, వాళ్లు లేని దిక్కు తీసుకుపోయి మాట్లాడదామా అనుకుంది హీనా, నలభై రెండు మంది ముందర అన్నదాన్ని చెవిలో చెప్పి పోదామా. "కాదమ్మా," అంది. "కాదు. మీ పిల్ల క్లాసుల ఒక మాట అడిగింది. ఆమె అడిగింది కరెక్టు, నేను చెప్పింది తప్పు. నాకు రాక, మీ పనిని తీసిపారేసి మాట్లాడిన. అందరి ముంగట. మాఫ్ చెయ్యమని అడగనీకి వచ్చిన."

తల్లి గోళ్లలో ఇరుక్కున్న పసుపుపచ్చ పుప్పొడిని ఇంకో గోటితో తీస్తూ నిలబడింది.

"గొర్లు కాసేటోళ్లమే మేడం. అండ్ల సిగ్గేమున్నది? మా మామ కాసిండు, మా ఇంటాయన కాస్తుండు. నువ్వన్నదానికి నాకేం కాలే. గానీ ఆ దినం ఇది ఇంటికొచ్చి ఏం జేసిందో తెల్సా? వాళ్ల నాయిన గొంగడి తీస్కపోయి గాదె ఎనక దాచిపెట్టింది. దోస్తులెవలన్నా వస్తే కనవడ్తదని. ఆయన చూసిండు. ఏమనలే. తెల్లారి ఆ గొంగడి ఎతుక్కొని భుజాన ఏస్కొని మందతోని పోయిండు. అప్పటిసంది దీనితోని ఫోన్ల గూడ మాట్లాడుతలేడు." ఆమె గొంతు పెంచలేదు. "గది అయింది మేడం."

హీనా దారి పొడుగునా పేర్చుకున్న మాటలన్నీ ఆ పిల్ల చదువు గురించే, తన తప్పుడు లెక్క గురించే, ఒక తండ్రి తన గొంగడి తనే వెతుక్కున్న సంగతి వాటిలో ఏ మాట కిందికీ రాదు. అది మాఫ్ చెయ్యాల్సింది ఈమె కూడా కాదు. ఎండలో నిలబడి ఉండిపోయింది, కాళ్ల కింద మట్టి మెత్తగా దిగుతోంది.

తల్లే అంది, "మొగ్గల పని ఇంకా పన్నెండు దినాలు ఉన్నది. మాట ఇచ్చినం. అయినంక పంపిస్త. క్లాసుల గూడ గిట్లనే చెప్తవా?"

"చెప్త. అందరి ముంగట."

"గీత ముంగట గూడనా మేడం?" ఆ మాట అన్నది జోగులమ్మ. ఎప్పుడు దగ్గరికి వచ్చిందో.

"గీత ముంగట గూడ. ముందుగాల ఆమె ముంగటనే."

బ్యాగు తెరిచి నోటుబుక్కు ఇచ్చింది, సిరంజి ఇచ్చింది, గ్రాఫు మడత విప్పితే గాలికి ఎగిరింది, చెరొక అంచూ పట్టుకోవాల్సి వచ్చింది. హీనా చెప్పడం మొదలుపెట్టింది, ఇవి నీ చుక్కలే, నేను ఒక్కటి కూడ పెట్టలే, మనం సున్నా అనుకునేది ఈడ, గాలి సున్నా ఆడ ఎక్కడో, అంటూ. బతుకులో మొదటిసారి ఏ పేజీ కళ్ల ముందు లేకుండా చెప్తోంది, మాటలు తడబడుతున్నాయి, వెనక్కి పోయి మళ్లీ చెప్తోంది. జోగులమ్మ మొహంలో క్షమించినట్టు ఏమీ లేదు. వింటోంది. కళ్లు గ్రాఫు గీత వెంట ఎడమకు, ఇంకా ఎడమకు పోతున్నాయి, మూడో కాగితం చివర ఆగినయి. పుప్పొడి అంటిన వేలు చొక్కాకు తుడుచుకుని ఆ చోట పెట్టింది.

"ఈడికొస్తే గాలి సైజు సున్నా అయితది గద మేడం. మరి ఆ గాలి ఏడికి పోతది?"

హీనా నోట్లోకి వాక్యం వచ్చేసింది, కామాతో సహా, అంతకంటే ముందే ప్రతి గ్యాసూ ద్రవంగా మారుతుంది అని. పెదవి దాకా వచ్చింది. ఆపింది.

"అంతకంటే ముందే గాలి నీళ్ల లెక్క అయితదని బుక్కుల ఉన్నది," అంది. "ఎందుకైతదో నాకు తెల్వదు."

సాళ్ల మధ్య నుంచి ఒకామె పకపకా నవ్వింది. "మేడంకే తెల్వదంటనే!" ఆ నవ్వు పక్క సాలుకు, ఆ పక్క సాలుకు పాకింది, ఎనిమిది మంది నవ్వుతున్నారు, తల్లి కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. హీనా చెవులు మండుతున్నాయి. కాగితం అంచు వదలలేదు. అటు అంచు పట్టుకున్న పిల్ల నవ్వడం లేదు, మొగ్గల సంగతి మరిచిపోయి, నొసలు ముడిచి, ఆ గీత నేలకు తాకిన చోటునే చూస్తూ ఉంది.